ఎడం

ముందు చక్రం చూస్తే చాలు, ఏం జరిగిందో చెప్పేస్తాను.
గుంటలో పడింది అడుగున నొక్కుకుపోతుంది.
ట్రాము పట్టాలో ఇరుక్కున్నది
నూనెలో వేసిన అప్పడంలా మెలి తిరుగుతుంది.
కారు తలుపు తిన్నదానికి
ఫోర్కు వెనక్కి వంగిపోయి ఉంటుంది,
బడిలో తిట్లు తిన్న పిల్లాడిలా.

మెల్‌బోర్న్‌లో, సిడ్నీ రోడ్డు మీద నా కొట్టు.
ఎడమ పక్కన ఆగిన కార్లు,
కుడి పక్కన ట్రాము పట్టాలు,
నడుమ సైకిలుకి దక్కేది
పెద్ద మనసుతో కొలిస్తే మూరన్నర.
తెరిచిన తలుపు రెండు మూరలు.
ఈ లెక్క కుదరదని
చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నెజ్లా సైకిలు మంగళవారం వచ్చింది,
పక్కింటివాళ్ల వ్యానులో పడుకుని.
తను రాలేదు. భుజం ఎముక.
రాత్రంతా కాన్పులు చేసి
తెల్లారి ఇంటికి పోతుంటే, పేస్ట్రీ దుకాణం ముందు
ఆగిన కార్లో ఒకటి
ఉన్నట్టుండి రెక్క విప్పింది.
వెనక ట్రాము డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి
ఈ మాట ఇలా చెప్పగలుగుతున్నాను.

బుట్ట విప్పుతుంటే
అడుగున నువ్వులు.
ఏ రొట్టెవో. రాలిపడి, అల్లికలో ఇరుక్కుని.
దులపబుద్ధి కాలేదు.

నాకు పని నేర్పిన ముసలాయన ఒరెస్తె అనేవాడు:
"అన్ని తలుపులూ ఇప్పటికే తెరిచున్నాయనుకుని తొక్కు."
అప్పుడు నవ్వాను.
ఇప్పుడు అద్దంలో తల కోసం చూస్తాను,
అప్పుడే ఆరిన ఎర్రదీపం కోసం,
లోపల వెలిగిన చిన్న బల్బు కోసం,
ఫోను మీదికి వంగిన మెడ కోసం.
ఇన్నీ చూస్తూ ఎవరు తొక్కగలరు?
అందుకే రోడ్డు మధ్యకి జరుగుతాను.
వెనక హారన్ కొడతారు.
కొట్టనీ.
హారన్‌కి ఎముకలు విరగవు.

శనివారం అతను వచ్చాడు. డెస్మండ్.
చెక్క నేలలు నునుపు పట్టే మనిషి,
కనుబొమల నిండా రంపపు పొడి.
"ఫోర్కు డబ్బులు నేనిస్తాను" అన్నాడు.
ఇచ్చాడు. వెళ్లలేదు.
"చూళ్లేదు" అన్నాడు కాసేపటికి.
ఆ ఒక్క మాటే ఇంకోసారి.
కుడి చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
జేబులో పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

నాకు కోపం ఉంది. ఇప్పటికీ ఉంది.
అయినా రెంచి కింద పెట్టి
అతని కారు దాకా నడిచాను.
కూర్చో అన్నాను. తలుపు వేసుకో.
ఇప్పుడు ఎడమ చేత్తో తియ్యి.

చేయి ఒంటికి అడ్డంగా వచ్చింది.
దాని వెంట భుజం తిరిగింది,
భుజం వెంట మెడ,
మెడ వెంట కళ్లు,
అద్దం దాటి, రోడ్డు చివరిదాకా.
ఎడమ చేత్తో తీస్తే
ఎడం దానంతటదే వస్తుంది.
అతను మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు.
నాలుగోసారికి సగంలో ఆగిపోయాడు:
పసుపు హెల్మెట్ పిల్ల ఒకతి
ఈల వేసుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.
ఏమీ తెలియదు ఆమెకి.

ఏడు వారాలకి నెజ్లా వచ్చింది.
పెడల్ మీద కాలు పెట్టి, తీసి,
గంట ఒకసారి మోగించి చూసుకుంది.
బుట్టలోకి తొంగి చూసి
"ఇవి ఉంచావా!" అంది.
నేను డబ్బులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

కార్ల వరసకి చాలా దూరంగా,
దాదాపు పట్టాల మీదుగా వెళ్లింది.
వెనక తెల్ల కారు గట్టిగా హారన్ కొట్టింది.
ట్రాము అడ్డం వచ్చేదాకా
గుమ్మంలోనే నిలబడ్డాను,
చేతిలో రెంచి.